మల్లంపాటి పరీక్ష – మన వంతు

శస్త్రచికిత్సకు ముందు మత్తు వైద్యులు రోగిని నిటారుగా కూర్చోబెట్టి, నోరు బాగా తెరచి నాలుక చాపమంటారు. అప్పుడు వారు వ్రాసుకొనే అంకెకు ఒక తెలుగు ఇంటిపేరు ఉన్నదని మనలో చాలామందికి తెలియదు.

ఆంధ్రదేశంలో పుట్టి, అమెరికాలోని బోస్టన్ నగరంలో బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు, సహచరులతో కలిసి 210 మంది రోగులను పరిశీలించి 1985లో ఈ పద్ధతిని ప్రకటించారు. కొండనాలుక, దాని వెనుక భాగం స్పష్టంగా కనిపిస్తే శ్వాసనాళంలోకి గొట్టం వేయటం సాధారణంగా సులువు. నాలుక వాటిని కప్పివేస్తే కష్టం కావచ్చు. ఆయన చేసిన మూడు తరగతులకు 1987లో శాంసూన్, యంగ్ అనే వైద్యులు నాలుగవది చేర్చారు.

గొట్టం వేయటానికి కండరాలను సడలించినప్పుడు రోగి శ్వాస ఆగిపోతుంది. గాలిలో ప్రాణవాయువు 21 శాతమే. అందుచేత ముందుగానే శుద్ధ ప్రాణవాయువు పీల్పించి, ఊపిరితిత్తులలోని నత్రజనిని వెళ్ళగొడతారు. దానివల్ల దొరికే గడువు కొన్ని నిమిషాలే. గొంతు నిర్మాణం అనుకూలించకపోతే ఆ నిమిషాలే ప్రాణానికి హద్దులు.

మన ఇంటిపేరు చూసి గర్వించటం సహజమే. కాని అంతటితో ఆగరాదని నా అభిప్రాయం. ఇటువంటి పరీక్షలేవీ కష్టమైన గొంతులన్నింటినీ ముందుగా పట్టలేవని 2018లో వెలువడిన కోక్రేన్ సమీక్ష తేల్చింది. మిగిలిన సమాచారం రోగి నోటినుండే రావాలి.

మనం వెనుకబడేది ఇక్కడే. స్వదేశం నుండి వచ్చిన పెద్దలు "నాకేమీ లేదు నాయనా" అని ఊరుకుంటారు. కట్టుడు పళ్ళు, కదిలే పళ్ళు, మెడ పట్టు, గొంతు వాపు, గురక – ఇవన్నీ చెప్పవలసినవే. దీర్ఘకాలపు మధుమేహం కీళ్ళను బిగిస్తుంది. నమస్కరించినప్పుడు వేళ్ళు ఒకదానికొకటి ఆనకపోతే మెడ, దవడల సంగతి కూడా అనుమానించాలి. ఇక వక్క నమిలే అలవాటు. వక్కలోని ఆరెకోలిన్ అనే క్షారాభం, రాగి నోటిలోపలి పొరలో కొల్లాజెన్ పేరుకొని గట్టిపడేటట్లు చేస్తాయి. క్రమంగా బుగ్గలు బిగిసి, కొందరికి నోరు రెండు వేళ్ళ మేర కూడా తెరుచుకోదు.

కొడుకో కోడలో అనువదిస్తూ ఉంటే పెద్దలు ఇటువంటి అలవాట్లు చెప్పటానికి సంకోచిస్తారు. ఆస్ట్రేలియా ప్రభుత్వ ఆసుపత్రులలో రుసుము లేకుండా దుబాసీని కోరవచ్చు. కోరటం మన హక్కు. లోగడ గొట్టం వేయటం కష్టమైనదని వైద్యులు వ్రాసి ఇచ్చిన ఉత్తరం ఉంటే, అది ఏ పరీక్షకన్నా విలువైనది. పాస్‌పోర్టుతో పాటు దానినీ భద్రపరచాలి.

ఈ ప్రశ్నలన్నింటినీ ఒక పుటలో తెలుగున అచ్చు వేసి, సభ్యుల ఇళ్ళకు పంచే పని మన సంఘం చేపట్టాలని నా మనవి. అందుకయ్యే ఖర్చు బహు స్వల్పం.