సౌర పలక బిగిస్తే సరిపోదు

శబరి, గోదావరి కలిసే మన్యం మండలాల వారికి వరద అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు పెరిగింది. 2022 జులైలో మళ్ళీ 71.3 అడుగులకు వచ్చింది. అక్కడ మూడవ ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. గోదావరి పోటెత్తినప్పుడు కూనవరం వద్ద శబరి నీరు దిగువకు పోలేక వెనక్కి ఎగదన్నుతుంది. కూనవరం, చింతూరు, వి.ఆర్. పురం మండలాల్లోని లోతట్టు ఊళ్లు మునుగుతాయి. రోడ్లు తెగుతాయి.

వరదను ఆపడం ఎవరి తరమూ కాదు. అయితే అర్ధరోజు ముందు నమ్మకమైన కబురందితే గొడ్లను మెరకకు తోలుకోవచ్చు. తిండిగింజలు, విత్తనాలు మూటగట్టుకోవచ్చు. ముసలివారిని, బాలింతలను పగటి వెలుతురులోనే తరలించవచ్చు. అర్ధరాత్రి నీరు గడప తొక్కాక చేసే పనులు కావివి.

ఆ కబురు ఎగువ నుంచి రావాలి. శబరి ఒడిశాలో కొలాబ్ పేరుతో పుట్టి, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వెంట వచ్చి, కోంటా దాటాక మన చింతూరు వైపు దిగుతుంది. ఆ కొండల్లో ఎంత వాన పడిందో, ఏ వాగు ఎంత పెరిగిందో అక్కడికక్కడే కొలవాలి. పూర్వం ఈ పని పూర్తిగా మనిషిదే. గట్టున పాతిన కొలత స్తంభం చూసి అంకె రాసి వైర్‌లెస్‌లో చెప్పేవాడు. ఇప్పుడు దానికి తోడు యంత్రాలు వచ్చాయి. వంతెనకు బిగించిన రాడార్ పరికరం నీటి మీదికి తరంగాలను పంపి, అవి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి మట్టాన్ని లెక్కగడుతుంది. ఆ అంకె ఇన్సాట్ ఉపగ్రహం ద్వారానో, సెల్ టవరు ద్వారానో కార్యాలయానికి చేరుతుంది.

ఇటువంటి పరికరాలను కరెంటు తీగకు ముడిపెట్టడం కుదరదు. అడవి లోపలి వాగుల దాకా తీగ పోదు. తీగ ఉన్న ఊళ్లలోనూ గాలివాన రాగానే ముందు పోయేది కరెంటే. 2022 వరదలో ఈ మండలాల ప్రజలు రోజుల తరబడి చీకట్లో ఉన్నారు. అందుచేతనే సౌర పలక, బ్యాటరీ పెట్టి వీటిని నడుపుతారు. ఇది మెచ్చదగిన ఏర్పాటే. డీజిలు మోయనక్కరలేదు, లైన్‌మన్ కోసం ఎదురుచూడనక్కరలేదు.

అయితే ఒక చిక్కుంది. ఈ యంత్రంతో అసలు పని పడేది వానాకాలంలో. ఎండ దొరకనిదీ అప్పుడే. లెక్క చూద్దాం. యంత్రం సగటున 1 వాటు వాడుతుందనుకుంటే రోజుకు 24 వాట్-గంటలు కావాలి. 12 వోల్టుల, 24 ఆంపియర్-గంటల కొత్త బ్యాటరీలో 288 వాట్-గంటలుంటాయి. సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది కనుక సగమే లెక్కలోకి తీసుకుందాం. ఎండ పొడ లేకపోయినా 6 రోజులు నడుస్తుంది. మబ్బులోనూ పలక కొంత ఇస్తుంది కాబట్టి ముసురు గట్టెక్కుతుంది. అదే బ్యాటరీ నాలుగైదు వేసవులు ఇనుప పెట్టెలో ఉడికి సగం బలం పోగొట్టుకుంటే 3 రోజులకే ఆగిపోతుంది. పలక మీద దుమ్ము, పిట్టల రెట్ట, పెరిగిన కొమ్మ నీడ తోడైతే ఇంకా ముందే ఆగుతుంది. వేసవి అంతా భేషుగ్గా పనిచేసిన యంత్రం వరద నాటి రాత్రి మూగబోతుందన్నమాట.

వానను కొలిచే యంత్రానిది మరో జబ్బు. లోపల రెండు చిన్న దొప్పలు ఏతం మాదిరిగా ఒకటి లేస్తే ఒకటి వంగుతాయి. ఒరిగిన ప్రతిసారీ ఒక లెక్క పడుతుంది. పైనున్న గరాటులో ఆకు అడ్డుపడినా, సాలీడు గూడు కట్టినా నీరు దొప్పలోకి దిగదు. బ్యాటరీ బాగానే ఉంటుంది, కబురూ వెళుతుంది, అంకె మాత్రం సున్నా. ఆగిపోయిన యంత్రాన్ని కార్యాలయంలో పోల్చుకుంటారు. సున్నా చెప్పే యంత్రాన్ని నమ్మి ఊరుకుంటారు. ఇది మరీ ప్రమాదం.

ఈ జబ్బులకు మందు పెద్ద చదువులవారి దగ్గరే లేదు. తడిగుడ్డతో పలక తుడవడం, కొమ్మ నరకడం, గరాటు శుభ్రం చేయడం, మీటరు పెట్టి బ్యాటరీ వోల్టులు చూడడం - పది చదివిన ఏ కోయ యువకుడికైనా ఒక్క రోజులో నేర్పవచ్చు. నిర్వహణను దూరపు నగరంలోని కాంట్రాక్టరుకు అప్పజెప్పితే అతని మనిషి వచ్చేసరికి దారి మునిగి ఉంటుంది. ఊరి మనిషికైతే యంత్రం చెడితే మునిగేది తన ఇల్లేనన్న ఎరుక ఉంటుంది.

కనుక అధికారులు ఈ క్రింది పనులు చేపట్టాలి. ప్రతి కేంద్రానికి సమీప గ్రామం నుంచి ఒకరిని గౌరవ వేతనంపై నియమించాలి. ఏటా మే నెలలో పలకను కప్పి ఉంచి, బ్యాటరీ ఒక్కదాని మీద యంత్రం ఎన్ని రోజులు నడుస్తుందో పరీక్షించాలి. బ్యాటరీ మార్చిన తేదీని, మళ్ళీ మార్చవలసిన తేదీని పెట్టె మీద రంగుతో రాయించాలి. కొలత స్తంభాన్ని, దాన్ని చూసే మనిషిని తీసివేయరాదు. యంత్రం చెప్పిన అంకె నిజమా కాదా అని సరిచూసేందుకు మరో దారి లేదు.

అన్నిటికీ మించి, ఆ అంకె ఢిల్లీకి, రాజధానికి చేరినంత వేగంగా నది ఒడ్డు ఊళ్లకూ చేరాలి. నీరు ఎంత పెరిగితే తమ వీధిలోకి వస్తుందో ఊరివారికి తెలుసు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అధికారులు వానలకు ముందే కూర్చుని, ఎగువ అంకె దిగువ గ్రామ సచివాలయానికి, పంచాయతీకి నేరుగా అందే పద్ధతి ఖాయం చేయాలి. సెల్ టవరు పడిపోతే వైర్‌లెస్, అదీ లేకపోతే దండోరా అని ముందే అనుకుని ఉండాలి.

కేంద్రానికో బ్యాటరీ, ఒక మనిషి నెల జీతం పెద్ద ఖర్చు కాదు. వరద తరువాత పంచే బియ్యం, టార్పాలిన్ల ఖర్చు ముందు అది ఏపాటిది? తొలకరి లోగా ఈ పని పూర్తి చేయవలసిన బాధ్యత ప్రభుత్వాలపై ఉంది.