గంటకు వెయ్యి ఆటలు: జువా అసలు ధర దాని వేగంలో ఉంది



అమెరికాలో ఉద్యోగాలు చేస్తూ లాస్ వెగాస్ చూసొచ్చిన మన కుర్రాళ్లలో కొందరు ఒక దలీల్ చెబుతుంటారు. "వీడియో పోకర్ మిగతా జువాలాంటిది కాదు భాయ్. వంద డాలర్ల పందేనికి తొంభై తొమ్మిదిన్నర తిరిగొస్తాయి. సినిమా టికెట్ కన్నా చవక." దానికి ఇంట్లో పెద్దలు "హరామ్ బేటా, ఆ వైపు పోవద్దు" అంటారు. జవాబు సరైనదే. కానీ కుర్రాడి హిసాబ్ మాత్రం విప్పకుండా అక్కడే ఉండిపోతుంది. పెద్దలకి లెక్కలు తెలియవనుకుని వాడు లేచి వెళ్లిపోతాడు. ఈసారి ఆ హిసాబ్‌నే విప్పుదాం. వాడు చెప్పిన అంకె అబద్ధం కాదు. కానీ వాడి లెక్కలో ఇంకో అంకె లేదు. గంటకు ఎన్ని ఆటలు?

తెలియని బహెన్‌ల కోసం, ఈ మెషీన్ సంగతి ముందు చెబుతాను. తెర మీద ఐదు పేకముక్కలు పడతాయి. ఉంచుకోవాలనుకున్నవి ఉంచుకుని, మిగతావి మార్చమని బటన్ నొక్కాలి. కొత్త ముక్కలు వస్తాయి. జాకీల జత గానీ అంతకన్నా పెద్దది గానీ పడితే డబ్బు, లేకపోతే పెట్టింది పోయినట్టే. ఎదురుగా ఇంకో ఆటగాడు ఉండడు, పంచేవాడూ ఉండడు. 1970ల చివర్లో సై రెడ్ అనే వ్యాపారి నెవాడాలో వీటిని బజారుకెక్కించాడు. ఆయన కంపెనీయే తర్వాత ఐజీటీ పేరుతో పెద్దదైంది.

ఇన్సాఫ్‌గా ఒక మాట ఒప్పుకోవాలి. నెవాడా కానూన్ ప్రకారం ఈ తెర మీది పేక నిజమైన 52 ముక్కల కట్టలాగే పనిచేయాలి. ఏ ముక్క రావడానికైనా సమానమైన అవకాశం ఉండాలి. ఎంతకి ఎంత ఇస్తారో మెషీన్ మీదే రాసి ఉంటుంది. ఫుల్ హౌస్‌కి 9 రెట్లు, ఫ్లష్‌కి 6 రెట్లు ఇచ్చే మెషీన్ మీద ఐదు నాణేల పందెంతో, ఒక్క తప్పూ లేకుండా ఆడితే సగటున 99.54 శాతం తిరిగొస్తుంది. ఫుల్ హౌస్‌కి 8, ఫ్లష్‌కి 5 ఇచ్చే మెషీన్ అయితే 97.3 శాతం. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కుర్రాడు చెప్పేది మొదటి దాని గురించి. వాడు కూర్చున్నది ఏ మెషీన్ ముందో వాడికే తెలియాలి.

ఇప్పుడు వేగం సంగతి. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని ఆడే పోకర్‌లో గంటకు ముప్ఫై ఆటలు నడిస్తే మామూలు. పేక కలపాలి, పంచాలి, ఒకరి ముఖం ఒకరు చూడాలి, ఎవరో చాయ్ అడుగుతారు. ఒక్కో ఆటకి రెండు నిమిషాలు. మెషీన్ మీద అలవాటున్న మనిషి గంటకు 600 ఆటలు సులువుగా ఆడేస్తాడు. చేయి తిరిగినవాళ్లు 1000 దాటడం అక్కడ వింత కాదు. అంటే ఒక్కో ఆటకి నాలుగు సెకన్లు కూడా పట్టదు. ఒక్క "బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం" నింపాదిగా పలికేలోపు ఒక పందెం మొదలై ముగిసిపోతుంది.

పావు డాలరు మెషీన్ మీద ఐదు నాణేలంటే ఆటకి ఒక డాలరు 25 సెంట్లు. గంటకు 600 ఆటలంటే 750 డాలర్ల పందెం. 1000 ఆటలంటే 1250. జేబులో ఉన్నది రెండు వందలే కావచ్చు. అదే డబ్బు వస్తూ పోతూ తిరుగుతుంది కాబట్టి మనిషికి ఆ మొత్తం కనపడదు. మంచి మెషీన్ మీద 600 ఆటలకి సగటు నష్టం మూడున్నర డాలర్లు. నిజమే, సినిమా టికెట్ కన్నా తక్కువ. అదే 97.3 శాతం మెషీన్ అయితే గంటకు 20 డాలర్లు. అదే మెషీన్ మీద 1000 ఆటలు ఆడితే దాదాపు 34. ముక్కలు మారలేదు, నసీబ్ మారలేదు. వేలు వేగం పెరిగింది, అంతే. బియ్యం కిలో ధర చెప్పి, ఎన్ని కిలోలు తూచాడో చెప్పని దుకాణదారుణ్ని మనం నమ్ముతామా?

ఇంకో సంగతి ఉంది. ఆ 99.54లో దాదాపు రెండు శాతం ఒక్క రాయల్ ఫ్లష్ నుంచే వస్తుంది. అది సగటున 40 వేల ఆటలకి ఒకసారి పడుతుంది. గంటకు 600 చొప్పున ఆడితే 67 గంటలు. అది పడేదాకా మంచి మెషీన్ మీద కూడా నష్టం రెండున్నర శాతం దగ్గర ఉంటుంది. అంటే గంటకు 18 డాలర్లు. నాలుగు రోజుల సెలవులో వెళ్లినవాడికి ఆ ముక్కలు పడకపోవడమే ఎక్కువ. వేగం పెంచితే అది త్వరగా వస్తుందని మనిషి ఆశపడతాడు. కానీ దానికన్నా ముందు పోవాల్సిన డబ్బు కూడా అంతే త్వరగా పోతుంది.

ఈ వేగం ఊరికే రాలేదు దోస్తులారా. పాత మెషీన్లలో నాణేలు ఒక్కొక్కటే వేయాలి, గెలిస్తే గిన్నెలో పడ్డవి ఏరుకోవాలి. ఆ కాస్త వక్త్‌లో మనిషి తల ఎత్తి గడియారం కోసం వెతికేవాడు. తర్వాత పిడి పోయి బటన్ వచ్చింది. 1990లలో నోట్లు మింగే యంత్రం వచ్చింది. ఆ తర్వాత నాణేల బదులు కాగితం టికెట్ వచ్చింది. ముక్కలు ఇంకా త్వరగా పడేలా పెట్టుకునే బటన్ చాలా మెషీన్లలో ఉంటుంది. ఒకేసారి మూడు ఆటలు, పది ఆటలు నడిచే మెషీన్లూ వచ్చాయి. ప్రతి మార్పూ సౌకర్యం పేరుతోనే వచ్చింది, ప్రతిదీ ఒక విరామాన్ని తీసేసింది. నతాషా డౌ షుల్ అనే మానవశాస్త్రవేత్త లాస్ వెగాస్‌లో ఏళ్ల తరబడి ఈ ఆటగాళ్లతో మాట్లాడి, 2012లో "అడిక్షన్ బై డిజైన్" అనే కితాబ్ రాశారు. చాలామంది గెలవడానికి ఆడటం లేదు, ఆ మత్తులాంటి స్థితిలో ఉండిపోవడానికే ఆడుతున్నారు అన్నది అందులో గుండె ఆపే సంగతి. గెలుపు కూడా వాళ్లకి అడ్డే. ఎందుకంటే అది ఆటని ఒక క్షణం ఆపుతుంది.

"బటన్ నొక్కేది నా వేలే కదా, మెషీన్ తొందరపెట్టదు కదా" అనే సవాల్ వస్తుంది. సచ్. మెషీన్ ఎంతసేపైనా సబర్‌తో కూర్చుంటుంది. అయినా ఆడేవాళ్లు వేగంగానే ఆడతారు, ఎందుకంటే ఆపడానికి అక్కడ కారణమే మిగల్చలేదు. వంద శాతానికి పైగా ఇచ్చే అరుదైన మెషీన్లు వెతికి, గంటకు 1000 ఆటలు ఆడి జీతంలా సంపాదించినవాళ్లూ ఉన్నారు. కాదనను. కానీ వాళ్లు ప్రతి ముక్క లెక్కా బట్టీపట్టి, ఆ వేగంలో కూడా తప్పు చేయనివాళ్లు. మామూలు మనిషి వేగం పెంచితే ముందుగా పెరిగేది తప్పులే. ఆ గుప్పెడు మందిని చూపించి మన పిల్లల్ని కూర్చోబెట్టడం బహుత్ గలత్.

వేగమే అసలు సమస్య అని ఇప్పుడు ప్రభుత్వాలకీ తెలుసు. బ్రిటన్‌లో 2021 అక్టోబర్ నుంచి ఆన్‌లైన్ స్లాట్ ఆట ఒక్కోటి కనీసం 2.5 సెకన్లు పట్టాలని నియమం పెట్టారు. 2025 జనవరి నుంచి మిగతా ఆన్‌లైన్ కాసినో ఆటలకి కనీసం 5 సెకన్లు. జువాని హలాల్ అనే దేశం కూడా దాని కాళ్లకి బంధం వేస్తోందంటే, ప్రమాదం ఎక్కడుందో అర్థం చేసుకోవచ్చు.

మన దీన్ ఈ సంగతి ఎప్పుడో చెప్పింది. జాహిలియత్ కాలంలో మైసిర్ అంటే ఒంటెని కోసి, బాణాలతో వాటాలు తేల్చుకోవడం. ఒంటె కొనాలి, కోయాలి, పంచాలి, నలుగురు చేరాలి. అంత నిదానంగా సాగే జువాని కూడా అల్లాహ్ మనా చేశాడు. మాయిదా సూరా 91వ ఆయత్‌లో చెప్పిన కారణాలు గమనించండి. మనుషుల మధ్య దుష్మనీ, అల్లాహ్ జిక్ర్ నుంచీ నమాజ్ నుంచీ మళ్లించడం. అక్కడ డబ్బు నష్టం మాట లేదు. మనిషి ధ్యాసనీ వక్త్‌నీ లాగేయడం గురించి ఉంది. నాలుగు సెకన్ల ఆటలో మగ్రిబ్ అజాన్ ఎప్పుడైందో ఎవరికి తెలుస్తుంది?

వెగాస్ మనకి దూరమే. కానీ బటన్ నొక్కితే క్షణంలో ముక్కలు పడే ఆట ఫోన్‌లో మన ఇళ్లలోకీ వచ్చింది. ఆన్‌లైన్ రమ్మీ మీద తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు మార్చాయి. 2025 ఆగస్టులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతటా మనా చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. అయినా దొంగదారులు ఉంటూనే ఉంటాయి. అందుకే అమ్మీలకీ అబ్బాలకీ నా గుజారిష్. పిల్లవాడు "నష్టం అర శాతమే" అంటే కోపంతో తలుపు వేయకండి. "గంటకి ఎన్నిసార్లు బేటా? ఎన్ని గంటలు? మొత్తం ఎంత పెట్టావు?" అని కాగితం మీద వాడి చేతే గుణకారం చేయించండి. హరామ్ అన్న మాట అప్పుడు వాడికి బెదిరింపులా వినపడదు. మీరు లెక్క తెలిసే చెబుతున్నారని వాడికి అర్థమవుతుంది. ఇంషాఅల్లాహ్, అక్కడి నుంచి వాడే మాట్లాడటం మొదలుపెడతాడు.