నొక్కే ముందు ఒక్క మాట



"నిర్ధారకం చేత్తో ఎందుకు సార్, కంప్యూటర్ చెప్తుంది గదా!" అనే మాట ఇప్పుడు ఏ తరగతి గదిలోనైనా వినిపించేదే. అందులో నిజం లేకపోలేదు. ఎక్సెల్‌లోనో, ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ కాల్క్‌లోనో గళ్లలో అంకెలు నింపి, ఎమ్‌డిటర్మ్ అనే ఫంక్షన్ రాసి ఎంటర్ నొక్కితే జవాబు కళ్ల ముందుంటుంది. ఇంటర్‌లో ప్లస్సు, మైనస్సు తారుమారై మార్కులు పోగొట్టుకున్న మనకిది వరమే.

కాని ఆ జవాబును చదవడం వచ్చా? మన ఊళ్లతోనే చూద్దాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ 2016 దాకా ఒకే నల్గొండ జిల్లావి. పటంలో మూడింటినీ కలిపితే త్రిభుజం. సూర్యాపేటను మూలబిందువు అనుకోండి. రోడ్డు మలుపులు వదిలి నేరుగా కొలిస్తే కోదాడ సుమారు 37 కి.మీ. తూర్పుకు, 16 కి.మీ. దక్షిణానికి ఉంటుంది. మిర్యాలగూడ 6 కి.మీ. పడమరకు, 30 కి.మీ. దక్షిణానికి. పడమర, దక్షిణం రుణాలు. ఒక్కో ఊరికి ఒక్కో అడ్డువరుస, చివరి గడిలో 1. నొక్కండి: −1206 వస్తుంది. అందులో సగం త్రిభుజ వైశాల్యం, అంటే −603 చదరపు కి.మీ.!

రుణ వైశాల్యం గల నేలను ఏ పట్వారీ కొలిచాడండీ? యంత్రం తప్పు చెప్పలేదు. మనమే ఊళ్లను గడియారం ముల్లు తిరిగే దిక్కున రాశాం. కోదాడ, మిర్యాలగూడ వరుసలు మార్చండి, అదే ధనమవుతుంది. మిర్యాలగూడ తీసి, కోదాడ దారిలోని మునగాలను పెడితే విలువ బాగా తగ్గిపోతుంది, మూడూ దాదాపు ఒకే గీత మీదున్నాయి గనుక. ఖచ్చితంగా ఒకే గీత మీదుంటే సున్నా. ఈ సంగతులు ఎంటర్ మీట చెప్పదు.

ఇంకొక చిక్కు. 1 నుంచి 9 దాకా అంకెలను వరుసగా మూడు వరుసల్లో వేస్తే నిర్ధారకం సున్నా. ఆ మాత్రికకు విలోమం లేదు. యంత్రం దాదాపు 15 అంకెల దాకానే పట్టుకుంటుంది. మధ్యలో భాగహారాలు చేస్తుంది. అందువల్ల సున్నాకు బదులు దశాంశ బిందువు తర్వాత పదిహేను సున్నాలున్న ఏదో అంకె చూపవచ్చు. అది నమ్మి విలోమం అడిగితే, లేని విలోమాన్ని కూడా కోటానుకోట్లలో అచ్చువేసి ఇస్తుంది. గుడ్డెద్దు చేలో పడ్డట్టే మన పని!

అలాగని కంప్యూటర్‌ను తోసిపుచ్చమనడం లేదు. 3 వరుసల నిర్ధారకాన్ని విస్తరిస్తే 6 పదాలు, 5 వరుసలకు 120, 10 వరుసలకు 36,28,800. అది చేత్తో చేయమనడం శిక్షే. యంత్రమూ అలా చేయదు. మాత్రికను త్రిభుజ రూపానికి తెచ్చి వికర్ణం మీది అంకెల్ని గుణిస్తుంది. తెలుసుకోవలసిన తెలివి అదీ!

అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. ల్యాబ్‌లో ఈ ఫంక్షన్ వాడనివ్వండి, పరీక్షలో మాత్రం "ఈ అంకెకు అర్థమేమిటి?" అని అడగండి. విద్యార్థి మిత్రులకూ ఒక మాట: నొక్కే ముందు కాగితం మీద రాయండి, జవాబు ధనమా, రుణమా, సున్నాకు దగ్గరా అని. రెండూ కలిస్తే సంతోషం. కలవకపోతే మరీ సంతోషం, అసలు చదువు అక్కడే మొదలవుతుంది గనుక.