పనిమనిషి పౌరురాలు కాదా?

మొన్న పోలవరం బస్టాండులో ఒక తల్లి నన్ను పట్టుకుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో కూతురి పాస్‌పోర్టు జిరాక్సు, ఒక ఫొటో, నాలుగు అర్జీల నకళ్లు. "బాబూ, చదువుకున్నోడివి. ఇందులో ఏ కాయితం చూపిస్తే మా పిల్ల మాట చెబుతారో చూసిపెట్టు" అంది. కూతురు కువైట్‌లో ఇంటిపనికి పోయింది. నెలల తరబడి జీతం ఇవ్వకపోతే ఆ ఇంట్లోంచి బయటికొచ్చేసింది. ఆ తరవాత ఫోను లేదు. పోలీసులు పట్టుకున్నారని అక్కడుండే ఎవరో చెబితే తెలిసింది. ఎక్కడుంది, ఏం కేసు, ఎప్పుడు వదులుతారు, రాసిచ్చిన నాథుడు లేడు.

నాలుగు అర్జీలకీ కలిపి ఒక్క రసీదు కూడా లేదు. సరే పదమ్మా అని నేనూ వెంట వెళ్లాను, ఒక పోలీసు స్టేషనుకి. అక్కడ కుర్చీలో ఉన్నాయన అడిగిన మొదటి ప్రశ్న ఏజెంటు పేరు కాదు. "మొగుడున్నాడా? ఉంటే ఒంటరిగా అంతదూరం ఎందుకు పంపారు?" అని. రెండో ప్రశ్న నేనిక్కడ రాయను. పల్లెలో ఆడకూతుళ్లు కూడా ఈ పత్రిక చదువుతారు. ఆ తల్లి తల దించుకుంది. తల దించుకోవలసింది ఎవరు?

ఆ ప్రశ్న ఆయన సొంతం కాదు. పైనుంచి కారి కిందికి వచ్చింది. 2017 ఫిబ్రవరిలో అమరావతిలో జాతీయ మహిళా పార్లమెంటు పెట్టారు. ఆ సభ గురించే విలేకర్లతో మాట్లాడుతూ అప్పటి స్పీకరు కోడెల శివప్రసాదరావు ఆడవాళ్లను వాహనంతో పోల్చారు. షెడ్డులో పెడితే ప్రమాదం ఉండదు, రోడ్డెక్కితేనే ప్రమాదం అన్నట్టుగా. తన మాటల్ని వక్రీకరించారని తరవాత అన్నారు. ఆయనిప్పుడు లేరు, మాట మిగిలింది. మనం అడిగేదొక్కటే. కూలికి పోకపోతే పొయ్యి వెలగని ఇంటి ఆడమనిషికి షెడ్డు ఎక్కడుందయ్యా? నాట్లకి, కోతలకి, ఇటుకబట్టీకి, చివరికి కువైట్‌కి, ఆమె పుట్టిందగ్గర్నుంచీ రోడ్డు మీదే ఉంది.

దానికి ఏడాది ముందు, 2016 ఫిబ్రవరిలో, ఎస్సీల్లో పుట్టాలని ఎవరు కోరుకుంటారని ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు నోటి వెంట వచ్చింది. 2021 నవంబరులో అసెంబ్లీలో ఆయన భార్య మీదే ప్రత్యర్థులు నీచంగా మాట్లాడారని ఆయన విలేకర్ల ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు. అది నిజంగా తప్పే. ఏ పార్టీ వాడు ఏ ఇంటి ఆడమనిషిని అన్నా తప్పే. 2024 ఆగస్టులో తెలంగాణలో కె.టి. రామారావు ఉచిత బస్సెక్కే ఆడవాళ్ల మీద డాన్సుల మాటలు మాట్లాడి, మహిళా కమిషన్ నోటీసు ఇచ్చాక ఆ కమిషన్ ముందుకు వెళ్లవలసి వచ్చింది. 2025 జూన్‌లో ఒక టీవీ చర్చలో అమరావతి ప్రాంతపు ఆడవాళ్లను వేశ్యలతో ముడిపెట్టి మాట్లాడితే వారం తిరక్కుండా అరెస్టులు జరిగాయి. అంటే పోలీసులకి కాళ్లు లేవనుకోకండి. ఉన్నాయి. పేట దగ్గరికొచ్చేసరికే తిమ్మిరెక్కుతాయి.

గల్ఫ్‌నించి తిరిగొచ్చిన ఆడమనిషి పెంకుటిల్లు తీసి డాబా వేసుకుంటే ఊళ్లో పెద్దలు రావిచెట్టు కింద ఏమంటారో మీకు తెలుసు. ఓట్ల కోసం పేటకొచ్చే నాయకుడు వాళ్లను మందలించడు సరికదా, తనూ నవ్వుతాడు. ఈ నవ్వుకీ, ఆ తల్లి అర్జీకి రసీదు లేకపోవడానికీ సంబంధం లేదనుకుంటే పొరపాటు. ఎవరి మానానికి విలువ లేదో వారి అర్జీకీ విలువ లేదు.

ఇక చట్టం సంగతి. మన పాస్‌పోర్టుల్లో రెండు కులాలున్నాయి. పదో తరగతి పాసయితే ఇ.సి.ఎన్.ఆర్., ఏ అడ్డూ లేదు. పాసవకపోతే ఇ.సి.ఆర్., అంటే గల్ఫ్ లాంటి దేశాలకి పనికి పోవాలంటే 1983 వలస చట్టం కింద ప్రభుత్వ అనుమతి కావాలి. బడి మానేసి కూలికి పోయిన పిల్ల ఎవరి పిల్లో చెప్పక్కర్లేదు. ఆడవాళ్లకయితే ముప్ఫై ఏళ్లు నిండాలి. 2016 ఆగస్టు నుంచి ఆ ముద్ర ఉన్న ఆడవాళ్లను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు, ప్రభుత్వ సంస్థలే పంపాలి అన్నారు. మన రాష్ట్రంలో ఆ పని ఓంక్యాప్ అనే సంస్థది. కాయితం మీద మంచి రూలే. కానీ పల్లెలో ఏజెంటు మనిషి తలుపు తడతాడు, ప్రభుత్వ సంస్థ తట్టదు. ఏజెంటు విజిట్ వీసా తీసి దుబాయో మస్కటో ఎక్కించి, అక్కణ్ణించి ఇంకో దేశం దాటిస్తాడు. రేపు ఆపదొస్తే ప్రభుత్వం ఏమంటుంది? "మీరు చట్టప్రకారం పోలేదు" అంటుంది. రూలు రక్షణ కోసం పెట్టారు, చివరికి చేతులు దులుపుకోవడానికి పనికొచ్చింది.

ఇంకో సంగతి. కువైట్‌లో మన ఆడమనిషిని పనికి పెట్టుకునే యజమాని 2500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలని మన ప్రభుత్వమే షరతు పెట్టింది. జీతం ఎగ్గొడితే పట్టుకోవడానికి చేతిలో ఉన్న జుట్టు అదొక్కటే. అక్కడివాళ్లు ఒప్పుకోలేదు, 2017లో మనవాళ్లే ఎత్తేశారు. అక్కడ యజమానిని వదిలి బయటికొస్తే "పారిపోయింది" అని కేసు. జీతం ఎగ్గొట్టినవాడు ఫిర్యాదీ, పస్తులున్నది ముద్దాయి. మన పాలేరు వ్యవస్థకి అక్కడ కఫాలా అని పేరు. పేరు ఒక్కటే కొత్త.

ప్రభుత్వానికి శక్తి లేదా? ఉంది. 2013 డిసెంబరులో న్యూయార్కులో మన కాన్సులేట్ అధికారి దేవయాని ఖోబ్రగడేను అరెస్టు చేసి బట్టలిప్పి సోదా చేస్తే, ఢిల్లీలో అమెరికా ఎంబసీ ముందున్న బారికేడ్లు పీకించారు. ఆమె దళిత కుటుంబం నుంచి వచ్చిన బిడ్డ. ఆ అవమానాన్ని మనం అప్పుడూ ఖండించాం, ఇప్పుడూ ఖండిస్తాం. కానీ ఆ కేసులో ఇంకో ఆడమనిషి ఉంది, జీతం తక్కువిచ్చారని ఫిర్యాదు చేసిన పనిమనిషి. ఆమెదీ ఇదే దేశం. ఆమె తరఫున ఏ బారికేడ్డూ కదల్లేదు. మనలో కొందరికి ఈ మాట కష్టంగా ఉంటుంది, అయినా అనక తప్పదు.

కుల్‌భూషణ్ జాదవ్ కోసం అంతర్జాతీయ న్యాయస్థానానికెళ్లారు. 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం పరాయి దేశంలో పట్టుబడ్డ మనిషిని కలిసే హక్కు అతని ప్రభుత్వానికి ఉందని వాదించి 2019 జూలై 17న గెలిచారు. ఖతార్‌లో 2022 ఆగస్టులో పట్టుబడ్డ ఎనిమిదిమంది మాజీ నౌకాదళం వాళ్లకి మరణశిక్ష పడితే, రెండు దేశాల పెద్దలూ మాట్లాడుకుని 2024 ఫిబ్రవరిలో విడిపించారు. సంతోషం. ఆ అధికరణం నౌకాదళం వాళ్లకి ఒకటీ, అంట్లు తోమేవాళ్లకి ఇంకొకటీ లేదు కదా?

ఇప్పుడు ఇంకో కథ వినండి. ఉత్తరప్రదేశ్ బాందా జిల్లా నుంచి అబుదాబికి పిల్లల్ని చూసే పనికి పోయిన ఒక పేద ఆడమనిషికి చంటిబిడ్డ చనిపోయిన కేసులో మరణశిక్ష పడింది. ఎంబసీవాళ్లు క్షమాభిక్ష దరఖాస్తులు పంపామన్నారు. 2025 ఫిబ్రవరి 15న శిక్ష అమలయిపోయింది. అది తెలియని తండ్రి, బిడ్డ ఉందో లేదో చెప్పండని ఢిల్లీ హైకోర్టుకెక్కాడు. మార్చి 3న ప్రభుత్వ వకీలు కోర్టులో లేచి చెబితేగాని తెలియలేదు. తమకే ఫిబ్రవరి 28న తెలిసిందట. కూతురి చావు కబురు కోసం కోర్టు ఫీజు కట్టవలసిన తండ్రి!

2025 మార్చిలో విదేశాంగశాఖ పార్లమెంటులో ఇచ్చిన లెక్క ప్రకారం విదేశీ జైళ్లలో 10,152 మంది భారతీయులున్నారు. సౌదీలోనూ ఎమిరేట్స్‌లోనూ రెండున్నర వేలకు పైగా చొప్పున. శిక్ష పడ్డ ఖైదీని స్వదేశం తెచ్చుకోవడానికి 2003లోనే చట్టం చేసుకున్నాం. సౌదీతో 2010లో, ఎమిరేట్స్‌తో 2011లో ఒప్పందాలూ రాసుకున్నాం. ఈ సంగతి మన పేటల్లో ఎంతమందికి చెప్పారు? 2015లో మదద్ అని ఆన్‌లైన్ ఫిర్యాదు పెట్టారు. వేలిముద్ర వేసే తల్లి ఆన్‌లైన్‌లో ఏం చేస్తుంది? చివరికి మనవాళ్లకి మిగిలింది ఏడుస్తూ వీడియో తీసి పెట్టడం. అది నలుగురూ చూస్తే మంత్రిగారి మనసు కరుగుతుంది, టిక్కెట్టు వస్తుంది, ఫొటో పడుతుంది. వీడియో తీయలేనివాళ్ల మాటేమిటి? జైల్లో సెల్‌ఫోను ఉండదు కదా!

మనకి దయ అక్కర్లేదు, జవాబు కావాలి. అర్జీ ఇచ్చిన రోజే నంబరుతో రసీదు. ఎంబసీ మనిషి జైలుకెళ్లి ఏ తారీఖున కలిశాడో రాతపూర్వకంగా తల్లిదండ్రులకి, తెలుగులో. కేసు నడుస్తుంటే ఎంబసీ సంక్షేమ నిధి నుంచి వకీలు. ఎత్తేసిన బ్యాంకు గ్యారంటీ మళ్లీ. ఏజెంటు మీద కేసు ఇక్కడే, మన స్టేషన్లోనే. 2021లో ఒకటి, 2025లో ఒకటి వలస చట్టానికి ముసాయిదాలు తయారుచేశారు. మన జిల్లాల ఎంపీలు ఇవి అందులో రాయించకపోతే రేపు పేటల్లోకి ఎలా వస్తారో అడగండి.

నోటిదురుసు సంగతికి చట్టం ఉంది. 1989 అత్యాచార నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఎస్సీ, ఎస్టీ ఆడమనిషని తెలిసి ఆమె పట్ల లైంగికపరమైన మాటలు, సైగలు చేయడం నేరం. కుర్చీలో కూర్చున్నవాడికీ, ఖద్దరు కట్టినవాడికీ మినహాయింపు లేదు. అసెంబ్లీ లోపల అన్న మాటకి మాత్రం రాజ్యాంగం 194వ అధికరణం అడ్డుంది. గేటు బయట అడ్డు లేదు. కారంచేడులో చెరువు దగ్గర బిందె ఎత్తి నిలబడ్డది ఆడమనిషే. ఆ రెండో ప్రశ్న విన్నప్పుడు ఆ తల్లితో నేను స్టేషను మెట్ల మీదే ఫిర్యాదు రాయించి ఉండాల్సింది. రాయించలేదు. ఆ తప్పు నాది.

సంఘం కార్యకర్తలు ప్రతి పేటలో ఒక నోటుబుక్కు పెట్టండి. పోయిన మనిషి పేరు, పాస్‌పోర్టు నంబరు, వీసా రకం, యజమాని ఫోను, ఏజెంటు పేరు, ఎంత డబ్బు ఎవరి చేతికిచ్చారు, చివరిసారి ఎప్పుడు మాట్లాడింది. పోకముందే రాసుకోండి, పోయాక దొరకవు. ప్రాజెక్టు కింద ఖాళీ చేయించిన పైడిపాక, రామయ్యపేట వాళ్ల కాలనీల్లోనూ రాయండి. భూమి లేనోళ్లకి ఊరితోపాటు కూలీ పోయింది, ఏజెంట్లు ముందు వాలేది అక్కడే.

వచ్చే సోమవారం ఏలూరు కలెక్టరేటు ఫిర్యాదుల రోజుకి ఆ తల్లిని తీసుకెళ్తున్నాం. పొద్దున్న మొదటి బస్సుకి పోలవరంలో ఎక్కుతాం. ఇలాంటి కాయితాలున్నవాళ్లు రెండేసి జిరాక్సులు తీయించుకుని రండి. ఒకటి వాళ్లకి, రెండోది ముద్ర వేయించి మనం తెచ్చుకోవడానికి.