నంబరు ఒక్కటే - చేరే వేళ వేరు
గుండెపోటు, పక్షవాతం రోగులకు మన్యంలో దూరమే అసలు జబ్బు

పాడేరు: గుండెపోటు వచ్చినా, పక్షవాతం వచ్చినా విశాఖపట్నంలోని మనిషి నొక్కే నంబరు 108. ముంచంగిపుట్టు మండలంలో కొండమీది గూడెంలో ఉన్న మనిషి నొక్కేదీ అదే నంబరు. వచ్చే బండీ ఒకే రకం. కాని ఆసుపత్రి మంచం ఎక్కేసరికి ఒకరికి గంట లోపు పడితే మరొకరికి ఒక పూట గడిచిపోతున్నది. ఈ రెండు జబ్బులకూ నేడు మందు ఉన్నది. అయితే అది వేళకు లోబడి పనిచేసే మందు. వేళ దాటితే ఉన్నా లేనట్లే.

108 సర్వీసు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. తరువాత జిల్లాలన్నిటికీ వ్యాపించింది. 2020 జూలై 1న రాష్ట్ర ప్రభుత్వం 104, 108 సర్వీసులకు కలిపి 1,088 వాహనాలను విజయవాడలో ప్రారంభించింది. పిలుపు అందిన తరువాత పట్టణాల్లో 15 నిమిషాల్లో, పల్లెల్లో 20 నిమిషాల్లో బండి చేరాలని అప్పట్లో లక్ష్యంగా చెప్పారు. ఏజెన్సీకి అంతకన్న ఎక్కువ గడువు ఇచ్చారు. కొండదారులు తెలిసినవారెవరూ దీనిని తప్పు పట్టరు. తేడా వస్తున్నది మరొక చోట.

గడియారం ఎక్కడ మొదలవుతుంది?

కంట్రోలు రూములో గడియారం ఫోను మోగినప్పుడు మొదలవుతుంది. బండి రోగి ఉన్న చోటికి, లేదా బండి పోగలిగిన చివరి చోటికి చేరగానే ఆ లెక్క ముగుస్తుంది. రోగి గడియారం అలా కాదు. అది నొప్పి లేచిన నిమిషాన మొదలవుతుంది. నరంలోకి మందు ఎక్కినప్పుడు గాని ఆగదు. ఈ రెండు గడియారాల మధ్య ఉన్న అంతరమే మన్యంలో ప్రాణాలు తీస్తున్నది.

ఉదాహరణకు కొండమీది గూడెంలో రాత్రి 2 గంటలకు ఒక రైతుకు ఛాతీలో నొప్పి లేచిందనుకుందాం. ఇంటివారు గ్యాసు అనుకుంటారు. వాము నమిలిస్తారు. వేడినీళ్ళు తాగిస్తారు. గంట గడుస్తుంది. చెమటలు పట్టి మనిషి వాలిపోతున్నప్పుడు గాని భయం పుట్టదు. అప్పుడు సెల్‌ఫోను పట్టుకొని సిగ్నలు దొరికే గట్టుకు ఒకరు పరుగెత్తాలి. మరొకరు డోలీకి గడ, దుప్పటి సిద్ధం చేయాలి. మోసేవారు ఇద్దరైతే చాలదు, భుజం మార్చుకోవడానికి మరో నలుగురు కావాలి. వారిని లేపి కూడగట్టేసరికి మూడున్నర అవుతుంది. చీకట్లో నాలుగైదు కిలోమీటర్లు రాళ్ళదారిన దిగి రోడ్డు చేరేసరికి తెల్లవారుజామున ఐదు. వానాకాలంలో దారిలో గెడ్డ పొంగితే నీరు తగ్గేదాకా ఒడ్డున కూర్చోవలసిందే.

రోడ్డు మీద అంబులెన్సు అప్పటికే వచ్చి ఎదురుచూస్తూ ఉండవచ్చు. ఆఫీసు లెక్కలో అది వేళకే చేరింది. రోగి లెక్కలో అప్పటికి మూడు గంటలు పోయాయి. అక్కడి నుండి పాడేరు సుమారు 50 కి.మీ., గంటన్నర ప్రయాణం. పాడేరులో డాక్టరు చూసి, చీటీ రాసి, పెద్దాసుపత్రికి పంపడానికి మరో బండి సమకూరేసరికి ఇంకొక గంట. అక్కడి నుండి ఘాట్ దిగి విశాఖపట్నం 110 కి.మీ. పైచిలుకు. బండి ఎంత జోరుగా పోయినా మూడు గంటలు. రాత్రి 2 గంటలకు లేచిన నొప్పికి పెద్దాసుపత్రి గుమ్మం కనబడేది ఉదయం పదిన్నరకు.

ఈ ఎనిమిదిన్నర గంటలను విడదీసి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. చక్రాల మీద గడిచింది నాలుగున్నర గంటలు. తక్కిన నాలుగు గంటలూ ఇంటి వద్ద, గట్టు మీద, డోలీలో, బండి మారే చోట పోయాయి. అంబులెన్సులు పెంచితే చాలునని తరచు చెబుతున్నారు. బండ్లు పెరగడం మంచిదే. కాని పోతున్న కాలంలో దాదాపు సగానికి బండితో సంబంధం లేదు.

జిల్లాలోనే రెండు లోకాలు

2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు జిల్లా కేంద్రమైంది. కలెక్టరాఫీసు దగ్గరైంది. 2024-25లో పాడేరు ప్రభుత్వ వైద్య కళాశాలకు 50 సీట్లతో అనుమతి వచ్చింది. ఇవి చిన్న విషయాలు కావు. అయినా పాడేరులో, అరకులో రోడ్డు పక్కన ఉన్నవారి మాట ఒకటి, పెదబయలు, ముంచంగిపుట్టు, జి.మాడుగుల, గూడెంకొత్తవీధి మండలాల్లో లోపల ఉన్నవారి మాట మరొకటి. చింతపల్లి వైపు వారు లంబసింగి ఘాట్ దిగి నర్సీపట్నం పోవాలి. అనంతగిరి, అరకు వారికి శృంగవరపుకోట దారి. ఒకే జిల్లావారైనా ఆపద వస్తే తలో దిక్కుకు పోవలసి ఉన్నది.

ఇది మన్యానికే పరిమితమైన కష్టం కూడా కాదు. దేశంలో 50 నగరాలలోని 89 ఆసుపత్రుల్లో 20 వేల మందికి పైగా గుండె రోగుల వివరాలు సేకరించి 2008లో ప్రకటించిన అధ్యయనంలో, వారిలో సగం మంది ఆసుపత్రి చేరడానికి ఆరు గంటలు, ఆపైన పట్టిందని తేలింది. బీదవారిలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని కూడా అందులో తేలింది. అమెరికా వంటి సంపన్న దేశంలో సైతం పట్టణాల్లో సగటున 7 నిమిషాలకు చేరే అంబులెన్సు గ్రామసీమల్లో 14 నిమిషాలకు పైగా తీసుకుంటున్నదని 2017లో ప్రకటించారు. అక్కడ తేడా నిమిషాల్లో ఉన్నది. ఇక్కడ గంటల్లో ఉన్నది.

రెండు జబ్బులు - రెండు దారులు

గుండెపోటు, పక్షవాతం రెండింటిలోనూ ఎక్కువగా జరిగేది ఒక్కటే. రక్తనాళంలో గడ్డ అడ్డుపడుతుంది. గుండెలో అడ్డుపడితే గుండె కండరం, మెదడులో అడ్డుపడితే మెదడు చచ్చుబడుతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షను రెండింటికీ ఉన్నది. కాని రోగిని తీసుకుపోవలసిన దారి రెండింటికీ ఒకటి కాదు. ఈ తేడా తెలియక కూడా కాలం పోతున్నది.

గుండెపోటు సంగతి చూద్దాం. బెలూను వేసి నాళం తెరిచే చికిత్స మేలైనదే. అయితే రెండు గంటల్లోగా ఆ చికిత్స అందదనుకున్నప్పుడు ముందు గడ్డ కరిగించే ఇంజెక్షను ఇచ్చి, తరువాత పెద్దాసుపత్రికి పంపడం వైద్యశాస్త్రం అంగీకరించిన పద్ధతి. నొప్పి మొదలైన 12 గంటలలోపు ఈ మందు ఇవ్వవచ్చు. కాని మొదటి రెండు మూడు గంటల్లో చేసే మేలు తరువాత చేయదు. గుండెపోటును గుర్తించడానికి ఇ.సి.జి. యంత్రం, దాన్ని చదివి చెప్పే డాక్టరు చాలు. ఆ డాక్టరు పక్కనే ఉండనక్కరలేదు. ఇ.సి.జి. కాగితాన్ని ఫోనులో పంపితే విశాఖలో కూర్చొని చదివి చెప్పవచ్చు. అంటే గుండె రోగి విషయంలో మందునే కొండ ఎక్కించవచ్చు.

తమిళనాడులో ఈ పద్ధతిని పరీక్షించారు. చిన్న ఆసుపత్రులను పెద్ద ఆసుపత్రులతో జతచేసి, అంబులెన్సులను ఆ గొలుసులో కలిపారు. 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం గుండెపోటు వచ్చిన ఏడాదిలోగా చనిపోయేవారు నూటికి 17.6 నుండి 14.2కు తగ్గారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2023లో ఇదే తరహా పథకం మొదలైంది. రు.40 వేల పైచిలుకు ఖరీదు చేసే టెనెక్టిప్లేస్ ఇంజెక్షను ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే ఏర్పాటు అది. మన్యంలోని ప్రతి ఆసుపత్రిలో ఈ మందు ఎప్పుడూ నిలవ ఉండడం, రాత్రి డ్యూటీ డాక్టరు దాన్ని ధైర్యంగా ఇవ్వగలగడం - పథకం ఫలితం ఈ రెండింటి మీద ఆధారపడి ఉన్నది.

పక్షవాతం సంగతి వేరు. మెదడులో గడ్డ కట్టిందో, నరం చిట్లి రక్తం కారిందో పైకి చూసి చెప్పలేరు. రెండింటిలోనూ మూతి వంకరపోతుంది, చెయ్యి పడిపోతుంది. గడ్డ అయితే ఇంజెక్షను ప్రాణం నిలుపుతుంది. రక్తస్రావమైతే అదే ఇంజెక్షను ప్రాణం తీస్తుంది. సి.టి.స్కాను తీస్తే గాని తేలదు. ఇంజెక్షనుకు గడువు నాలుగున్నర గంటలు. మెదడులో పెద్ద నాళం మూసుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల కణాలు నశిస్తాయని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. కాబట్టి పక్షవాతం రోగిని స్కాను లేని ఆసుపత్రిలో దించి, సెలైను పెట్టి, మళ్ళీ మరో బండి ఎక్కించడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఊపిరికి ప్రమాదం లేకపోతే తిన్నగా స్కాను ఉన్న చోటికే పోవాలి.

పక్షవాతానికి మరో చిక్కు కూడా ఉన్నది. నొప్పి ఉండదు. నొప్పి లేని జబ్బుకు తొందర ఏమిటనుకుంటారు. ఆకు పసరు పోయించి, తైలం రాయించి, తగ్గకపోతే మర్నాడు, సంత రోజున దొరికే జీపులో బయలుదేరేవారు ఉన్నారు. అప్పటికి నాలుగున్నర గంటల గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఆ మనిషి బతికినా కాలూ చెయ్యీ తిరిగి రావు. పోడు కొట్టి, కాఫీ తోటలో పనిచేసి బతికే కుటుంబంలో ఒక మనిషి మంచాన పడితే, చూసుకునేందుకు మరొకరి కూలి కూడా పోతుంది.

చేయవలసినవి

రోడ్లు పడితే డోలీలు తగ్గుతాయి. 2025 ఏప్రిల్‌లో 'అడవితల్లి బాట' పేరుతో వెయ్యి కోట్ల రూపాయల పైచిలుకు వ్యయంతో, వెయ్యి కి.మీ.లకు మించిన గిరిజన రోడ్లకు డుంబ్రిగుడ మండలంలో శ్రీకారం చుట్టారు. అవి పూర్తయ్యేసరికి కాలం పడుతుంది. ఈలోగా పెద్దగా ఖర్చు లేకుండా చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, లెక్క మార్చడం. బండి ఎప్పుడు చేరిందన్నదే కాక, నొప్పి ఎప్పుడు మొదలైంది, మందు ఎప్పుడు ఎక్కింది అన్నవి కూడా రాసి, మండలాలవారీగా ప్రకటించాలి. ఏ మండలంలో ఎన్ని గంటలు పోతున్నాయో అప్పుడు అందరికీ కనబడుతుంది. రెండవది, ఏ ఆసుపత్రిలో ఇంజెక్షను ఉన్నది, ఎక్కడ రాత్రిపూట స్కాను పనిచేస్తుంది అన్న జాబితా ప్రతి అంబులెన్సులో ఉండాలి. మూడవది, రోగి దారిలో ఉండగానే ముందున్న ఆసుపత్రికి కబురు వెళ్ళాలి. బండి మార్చవలసి వస్తే రెండో బండి ఎదురు రావాలే గాని, రోగి దాని కోసం కాచుకొని ఉండకూడదు. 2018లో ఏజెన్సీలో ప్రవేశపెట్టిన మోటారుసైకిలు అంబులెన్సులు పోగల దారుల్లో వాటిని వాడుకుంటే డోలీ మోత కొంత తగ్గుతుంది.

మన్యంలో గర్భిణులను నెల నిండకముందే రోడ్డు పక్క వసతి గృహాలకు చేర్చే ఏర్పాటు ఉన్నది. కాన్పుకు తేదీ తెలుసు కాబట్టి అది సాధ్యపడింది. గుండెపోటు తేదీ చెప్పి రాదు. కాని ఎవరికి వచ్చే ప్రమాదం ఉన్నదో కొంతవరకు ముందే తెలుస్తుంది. వారపు సంతల్లో రక్తపోటు, చక్కెర పరీక్షలు చేసి, ఎక్కువ ఉన్నవారి పేర్లు ఆశా కార్యకర్త వద్ద ఉంచితే, ఆపద వేళ అనుమానించేందుకు గంట పట్టదు. చుట్ట మానాలన్న మాట కూడా అక్కడే చెప్పవచ్చు.

గ్రామస్థులు గుర్తుంచుకోవలసినవి

ఛాతీలో బరువు, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, చెమట, ఆయాసం కనిపిస్తే గ్యాసు అనుకొని కూర్చోరాదు. మూతి వంకర, మాట తడబాటు, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం, ఉన్నట్టుండి తూలడం, చూపు మసకబారడం పక్షవాతం గుర్తులు. వెంటనే 108కు ఫోను చేయాలి. గడియారం చూసి వేళ గుర్తుంచుకోవాలి. నిద్రలో వస్తే, చివరిసారి మనిషి బాగా ఉండగా చూసిన వేళ చెప్పాలి. డాక్టరు మొదట అడిగేది అదే. పక్షవాతం రోగి నోట్లో నీళ్ళు గాని, పసరు గాని పోయరాదు. గుండెపోటులో ఆస్పిరిన్ మాత్ర నమిలించడం మేలే, కాని 108 సిబ్బందిని గాని డాక్టరును గాని అడిగే ఇవ్వాలి. పక్షవాతంలో స్కాను తీయకముందు ఆ మాత్ర ఇవ్వరాదు. పాత చీటీలు, వాడుతున్న మందులు వెంట తీసుకుపోవాలి.

డోలీ మోసేవారిని ముందే అనుకొని ఉంచుకోవడం, సిగ్నలు దొరికే చోటు ఊరిలో అందరికీ తెలిసి ఉండడం గ్రామసభలో ఒక్క సాయంత్రం మాట్లాడుకుంటే తేలే పనులు. గూడెం చేతిలో ఉన్న గంటను గూడెం తగ్గించుకోవచ్చు. పాడేరులో బండి మారే గంటనూ, నిలవలేని మందునూ, పనిచేయని స్కానునూ సరిదిద్దవలసిన బాధ్యత వైద్య ఆరోగ్యశాఖ మీద, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ మీద ఉన్నది. వైద్య కళాశాల ఆసుపత్రిలో రాత్రింబవళ్ళు స్కాను, ఇంజెక్షను సిద్ధంగా ఉంటే, పై ఉదాహరణలోని రైతుకు పదిన్నరకు బదులు ఆరున్నరకే మందు అందుతుంది. జిల్లా యంత్రాంగం ముందుగా ఆ నాలుగు గంటల మీద దృష్టి పెట్టవలసి ఉన్నది.