టాటూ వేయించుకున్నారా..? అసలు పని షాపు నుంచి బయటికొచ్చాకే మొదలు!

ఛాతీ మీద అభిమాన హీరో పేరు, ముంజేతి మీద అమ్మ పేరు, జాతరలో బ్యాటరీ మిషన్‌తో వేయించుకునే చిన్న బొమ్మ.. టాటూ ఇప్పుడు సిటీ కుర్రాళ్ల సోకు మాత్రమే కాదు. ఏ డిజైన్, ఎంత రేటు, ఎంత నొప్పి అని ముందు పది వీడియోలు చూస్తున్నారు. కానీ ఆ తర్వాత మూడు వారాలు ఏం చేయాలన్నది మాత్రం షాపతను చెప్పిన రెండు ముక్కలతో సరిపెట్టేస్తున్నారు. చిక్కంతా అక్కడే వస్తోంది.

టాటూ సూది చర్మం పైపొర దాటి 1 నుంచి 2 మిల్లీమీటర్ల లోతుకు వెళ్లి ఇంకు వదులుతుంది. అదీ కొన్ని వేల సార్లు. చూసేవాళ్లకు అది బొమ్మే, ఒంటికి మాత్రం పచ్చి గాయం. పైపొర మానడానికి 2-3 వారాలు పడుతుంది. లోపల పూర్తిగా కుదురుకోవడానికి నెలలే పట్టొచ్చు.

ఇక ఇంకు సంగతి. యూరోపియన్ యూనియన్ 2022 జనవరి నుంచి టాటూ ఇంకుల్లోని వేల రసాయనాలపై ఆంక్షలు పెట్టింది. మన దగ్గర అలాంటి కట్టడి లేదు. ఇంకుల్లో 22 రకాల లోహాలు బయటపడ్డాయని, వీటికి ప్రమాణాలు పెట్టాలని కేంద్రాన్ని కోరతామని కర్ణాటక ఆరోగ్యశాఖ మంత్రి దినేశ్ గుండూరావు 2025లో చెప్పారు. అంటే సీసాలో ఏముందో కస్టమర్‌కి తెలీదు, చాలాసార్లు వేసేవాడికీ తెలీదు.

షాపు నీట్‌గా ఉంటే చాలా అంటే.. అదీ గ్యారంటీ కాదు. 2011 చివర్లో అమెరికాలోని రోచెస్టర్‌లో ఒకే ఆర్టిస్ట్ దగ్గర టాటూ వేయించుకున్న 19 మందికి మొండి ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఆరా తీస్తే తప్పు సూదిది కాదు.. ఇంకు షాపుకు రాకముందే అందులో బ్యాక్టీరియా చేరిందని తేలింది.

ఇంకు మన చేతుల్లో లేదు సరే, మానే రోజులైతే మన చేతుల్లోనే ఉన్నాయి. షాపులో చుట్టిన ప్లాస్టిక్ కవర్‌ను కొన్ని గంటల్లో తీసేయాలి. స్టిక్కర్‌లా అంటించే ప్రత్యేక ఫిల్మ్ అయితే వేరు, దాన్ని కొన్ని రోజులు ఉంచొచ్చు. తీసేముందు చేతులు కడుక్కోవాలి. చాలామంది మరిచేది ఇదే. తర్వాత వాసన లేని సబ్బు, గోరువెచ్చని నీళ్లతో మెల్లగా కడిగి, టిష్యూతో అద్దాలి. ఇంట్లో అందరూ తుడుచుకునే తువ్వాలు వద్దు. పైన వాసన లేని మాయిశ్చరైజర్ పల్చగా రాస్తే చాలు. మందంగా పూస్తే చెమ్మ నిలిచి గాయం మెత్తబడుతుంది.

మరి పసుపు? ఊళ్లలో పచ్చబొట్టు పొడిచాక పసుపు అద్దడం పాత అలవాటే. కానీ డబ్బాలోని వంట పసుపు క్రిములు లేని పదార్థం కాదు. డాక్టర్ చెప్పకుండా యాంటీబయాటిక్ క్రీమూ రాయొద్దు. కొందరికి దాంతోనే అలర్జీ వస్తుంది.

వారం తిరిగేసరికి పొట్టు లేస్తుంది, దురద మొదలవుతుంది. ఇక్కడే గోళ్లు ఆగవు. పొట్టు లాగితే రంగు ఊడి మచ్చలు పడతాయి, గాయమూ మళ్లీ తెరుచుకుంటుంది. మన ఎండకు, చెమటకు వదులైన కాటన్ బట్టలే మేలు. సన్‌స్క్రీన్ పూర్తిగా మానాకే.. ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన ఉన్నది. అప్పటిదాకా బట్టతో కప్పుకోవడమే దారి.

స్నానం ఓకే, ఈత మాత్రం నో. స్విమ్మింగ్ పూల్, చెరువు, పుష్కర ఘాట్, బీచ్.. ఏదైనా సరే. అమెరికాలో 31 ఏళ్ల యువకుడు టాటూ వేయించుకున్న 5 రోజులకే గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఈత కొట్టాడు. సముద్రపు నీటిలోని విబ్రియో బ్యాక్టీరియా సోకి చివరికి చనిపోయాడు. అప్పటికే అతనికి లివర్ జబ్బు ఉంది. 2017లో వైద్య పత్రికలో వచ్చిన కేసు ఇది. ప్రతి ఒక్కరికీ ఇలా జరుగుతుందని కాదు గానీ.. లివర్ సమస్య, షుగర్ ఉన్నవాళ్లు టాటూకు ముందే డాక్టర్‌ను అడగడం మంచిది.

మొదటి రెండు మూడు రోజులు ఎర్రబడటం, కాస్త వాపు, ఇంకు కలిసిన నీరు కారడం మామూలే. నొప్పి రోజురోజుకీ తగ్గాలి. తగ్గకుండా పెరుగుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, టాటూ నుంచి ఎర్రటి చారలు పాకుతున్నా ఫొటో తీసి గ్రూపులో అడగొద్దు.. డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వారాల తర్వాత ఒక రంగు దగ్గరే, ముఖ్యంగా ఎరుపు దగ్గర, గడ్డకట్టినట్టు లేచి దురద పెడితే అది ఇంకు అలర్జీ కావచ్చు.

ఎంత బాగా కడిగినా ఆగనివీ ఉన్నాయి. ఒకరికి వాడిన సూదే మరొకరికి వాడితే హెపటైటిస్-బి, సి, హెచ్‌ఐవీ ముప్పు ఉంటుంది. కొత్త సూది ప్యాకెట్‌ను కళ్లముందే చింపమని అడగాల్సింది అందుకే. జాతర స్టాళ్లలో ఇది మరీ ముఖ్యం. ఈ భయంతోనే మన దేశంలో టాటూ వేయించుకున్నవాళ్ల నుంచి 12 నెలల పాటు రక్తం తీసుకోరు. బ్లడ్ క్యాంపుకు వెళ్తే టాటూ ఎప్పుడు వేయించుకున్నారో అక్కడ దాచకుండా చెప్పాలి.