డియెగో గార్సియా: సైనికుడి గాలానికి చోటుంది, ద్వీపవాసి వలకు లేదు

భూమధ్యరేఖకు ఏడు డిగ్రీల దక్షిణాన, కన్యాకుమారికి దాదాపు 1,800 కిలోమీటర్ల దూరంలో హిందూ మహాసముద్రం నడుమ ఒక పగడపు దిబ్బ ఉంది. పైనుంచి చూస్తే పాదముద్రలా కనిపించే ఆ దిబ్బే డియెగో గార్సియా. బ్రిటన్ పాలనలో ఉన్న ఈ ద్వీపంలో అమెరికా నౌకా, వైమానిక స్థావరం ఉంది. అక్కడికి బదిలీపై వచ్చే అమెరికా సైనికులు సాధారణంగా ఏడాది పాటు ఉంటారు. కుటుంబాలను తెచ్చుకునే వీలు లేదు. ఊరు లేదు, బజారు లేదు. పని వేళ ముగిశాక మిగిలే కాలక్షేపాల్లో ప్రధానమైనది చేపల వేట.

స్థావరంలోని పడవల రేవు నుంచి అద్దె పడవల్లో కొందరు లోతు నీటిలోకి వెళ్తారు. ట్యూనా, వాహూ వంటి పెద్ద చేపలకు గాలం వేస్తారు. మరికొందరు ఒడ్డునే నిలబడి పార చేపల కోసం ఎదురుచూస్తారు. స్థావరంలో వంట, మరమ్మతులు, నిర్మాణం వంటి పనులు చేసే ఫిలిప్పీన్స్ కార్మికులకు కూడా ఇంటికి దూరంగా గడిపే రోజుల్లో ఇదొక ఊరట. తాబేళ్లను, కొబ్బరి పీతలను తాకరాదు. ఇతర నిబంధనలూ ఉన్నాయి. వాటికి లోబడి పట్టిన చేపను వండుకొని తినడానికి అడ్డు లేదు.

ఈ సరదా వేట వల్ల సముద్రానికి పెద్ద ముప్పు ఉందని చెప్పలేం. అయితే ప్రశ్న చేపల పరిమాణానికి సంబంధించినది కాదు. ఆ నీటిలో గాలం వేసే హక్కు ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నదే ప్రశ్న. చాగోస్ ద్వీపసమూహంపై అర్ధ శతాబ్దానికి పైగా సాగుతున్న వివాదమంతా ఈ చిన్న విషయంలో కనిపిస్తుంది.

వెళ్లగొట్టిన వారి సముద్రం

1965 నవంబరు 8న బ్రిటన్ చాగోస్ దీవులను తన వలస అయిన మారిషస్ నుంచి విడదీసి ‘బ్రిటిష్ హిందూ మహాసముద్ర భూభాగం’గా ప్రకటించింది. ఇందుకు మారిషస్‌కు 30 లక్షల పౌండ్లు చెల్లించింది. మరుసటి ఏడాది అమెరికాతో రక్షణ ఒప్పందం కుదిరింది. మారిషస్ 1968లో స్వతంత్ర దేశమైంది. 1967, 1973 మధ్య కాలంలో ద్వీపవాసులందరినీ మారిషస్‌కు, సీషెల్స్‌కు తరలించారు. డియెగో గార్సియాలోని కొబ్బరి తోటలను 1971లో మూసివేశారు. ద్వీపవాసుల పెంపుడు కుక్కలను చంపివేశారు.

ఆ దీవుల్లో తరతరాలుగా ఉన్నవారు ప్రధానంగా ఆఫ్రికా, మడగాస్కర్ నుంచి తెచ్చిన బానిసల సంతతి. దక్షిణ భారతం నుంచి వెళ్లిన కూలీల వారసులూ వారిలో ఉన్నారు. తోటలో కొబ్బరి ఒలవడం వారి కూలి పని, మడుగులో చేప పట్టడం వారి తిండి. 2006లో సుమారు వంద మందిని పూర్వీకుల సమాధులు చూసి రావడానికి అనుమతించారు. నివసించే హక్కు మాత్రం నేటికీ దక్కలేదు.

రక్షిత ప్రాంతం, ఒక మినహాయింపు

1965లో మారిషస్ నాయకులను విభజనకు ఒప్పించే వేళ బ్రిటన్ కొన్ని హామీలు ఇచ్చింది. రక్షణ అవసరం తీరాక దీవులను తిరిగి అప్పగిస్తామన్నది వాటిలో ఒకటి. వీలైనంత మేరకు అక్కడి చేపల వేట హక్కులు మారిషస్‌కు అందుబాటులో ఉండేలా చూస్తామన్నది మరొకటి.

2010 ఏప్రిల్ 1న బ్రిటన్ ఆ దీవుల చుట్టూ దాదాపు 6,40,000 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. విదేశీ ట్యూనా నౌకలకు అంతవరకు ఇస్తూ వచ్చిన లైసెన్సులు ఆ ఏడాది అక్టోబరుతో ముగిశాయి. వాణిజ్య వేట పూర్తిగా ఆగింది. అయితే డియెగో గార్సియాను, దాని చుట్టూ మూడు నాటికల్ మైళ్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతం నుంచి మినహాయించారు. సైనికుడి గాలం ఆ మినహాయింపులో భద్రంగా మిగిలింది.

ఆ ఏడాది చివర వికీలీక్స్ ద్వారా ఒక అమెరికా దౌత్య సందేశం వెలుగులోకి వచ్చింది. 2009 మేలో జరిగిన సంభాషణను అందులో నమోదు చేశారు. రక్షిత ప్రాంతం ఏర్పడితే ద్వీపవాసుల పునరావాస వాదన నిలవడం కష్టమవుతుందని ఒక బ్రిటిష్ అధికారి చెప్పినట్లు అందులో ఉంది. ఆ పత్రాన్ని సాక్ష్యంగా స్వీకరించవచ్చని 2018లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. అయినా ద్వీపవాసుల అప్పీలును తోసిపుచ్చింది.

అంతర్జాతీయ వేదికల మీద తీర్పులు మరోలా వచ్చాయి. 1965 నాటి హామీలకు చట్టబద్ధత ఉందని, మారిషస్ హక్కులను తగిన రీతిలో గౌరవించకుండా బ్రిటన్ రక్షిత ప్రాంతాన్ని ప్రకటించిందని 2015 మార్చిలో సముద్ర న్యాయ ఒడంబడిక కింద ఏర్పాటైన ట్రిబ్యునల్ నిర్ణయించింది. దీవుల విభజన చట్టబద్ధం కాదని 2019 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం సలహాపూర్వక అభిప్రాయం వెల్లడించింది. ఆ ఏడాది మేలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం దానిని 116–6 ఓట్లతో సమర్థించింది. భారత్ మారిషస్ పక్షాన ఓటు వేసింది.

దీని అర్థం సముద్ర రక్షణ అనవసరమని కాదు. చాగోస్ పగడపు దిబ్బలు హిందూ మహాసముద్రంలో మనిషి చేతిలో తక్కువగా దెబ్బతిన్న వాటిలో ఉన్నాయి. సొర చేపలకు, ట్యూనాకు అది విలువైన ఆశ్రయం. కానీ మంచి ఉద్దేశమున్న నిబంధన కూడా అందరికీ సమానంగా వర్తించనప్పుడు నమ్మకం కోల్పోతుంది.

దారి తప్పే పడవలు, దూరం వెళ్లే పడవలు

ఈ నిషేధం భారం మోస్తున్నది ద్వీపవాసులు ఒక్కరే కాదు. కన్యాకుమారి జిల్లా తూత్తూరు పరిసర గ్రామాల మత్స్యకారులు లోతు సముద్రంలో సొర, ట్యూనా వేటకు పేరుపొందారు. వారాల తరబడి సముద్రంలోనే ఉండే ఆ పడవలు కొన్నిసార్లు చాగోస్ జలాల్లో పట్టుబడుతున్నాయి. శ్రీలంక పడవలు కూడా తరచూ చిక్కుతున్నాయి. పట్టుబడిన వారికి జరిమానాలు పడతాయి. పడవ, వల, పట్టిన చేప జప్తు కావచ్చు. అప్పు చేసి పడవ కట్టుకున్న కుటుంబానికి ఆ నష్టం ఏళ్ల తరబడి తీరదు.

ఈ పడవలన్నీ అమాయకంగా దారి తప్పినవే అనడం సరికాదు. తీరానికి దగ్గరలో చేప తగ్గినకొద్దీ దూరం వెళ్లడం, చేప ఉన్నచోట హద్దు దాటడం జరుగుతోంది. సొర చేపల సంతతికి దీనివల్ల నష్టం కలుగుతోంది. కనుక నిఘా అవసరమే. అయితే ఆ నిఘా ఎవరి చేతుల్లో ఉండాలన్నది ఇప్పుడు మారబోతున్న అంశం.

భారత్ ముందున్న ప్రశ్న

2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందంపై సంతకాలు చేశాయి. దాని ప్రకారం డియెగో గార్సియా సహా దీవులన్నింటిపై సార్వభౌమత్వం మారిషస్‌ది. డియెగో గార్సియాను బ్రిటన్ 99 ఏళ్ల పాటు అట్టిపెట్టుకుంటుంది. ఇందుకు ఏటా సగటున 10.1 కోట్ల పౌండ్లు చెల్లిస్తుంది. మిగిలిన దీవుల్లో మారిషస్ పునరావాసం కల్పించవచ్చు, డియెగో గార్సియాలో మాత్రం వీలు లేదు. రక్షిత ప్రాంతంలో వాణిజ్య వేట ఉండదని, తిరిగి వచ్చే ద్వీపవాసుల జీవనాధార వేటకు పరిమిత మండలాలు కేటాయిస్తామని మారిషస్ చెబుతోంది. ఈ ఒప్పందాన్ని తమను సంప్రదించకుండా కుదుర్చుకున్నారని బ్రిటన్‌లో స్థిరపడిన ద్వీపవాసుల్లో పలువురు ఆక్షేపిస్తున్నారు.

న్యూఢిల్లీ ఈ ఒప్పందాన్ని స్వాగతించింది. 2025 సెప్టెంబరులో వారణాసిలో ఇరు దేశాల ప్రధానుల భేటీ సందర్భంగా ప్రకటించిన ప్రత్యేక ఆర్థిక ప్యాకేజీలో చాగోస్ రక్షిత ప్రాంతం అభివృద్ధి, నిఘాకు భారత్ సాయం కూడా ఉంది. 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి చెరకు తోటలకు వెళ్లిన తెలుగువారి వారసులు నేటికీ ఉగాది జరుపుకొనే మారిషస్‌తో ఈ బంధం సహజమే. కానీ దానితో ఒక బాధ్యత కూడా వస్తుంది. రేపు ఆ జలాల్లో పట్టుబడే పడవ తూత్తూరుదైతే, దాన్ని గుర్తించిన కన్ను భారత్ సాయంతో ఏర్పాటైనదే కావచ్చు.

కనుక నిఘాతో పాటు మరికొన్ని ఏర్పాట్లు ఇప్పుడే జరగాలి. హద్దు సమీపిస్తున్నట్లు పడవలకు ముందే హెచ్చరిక అందాలి. లోతు సముద్ర వేటగాళ్లకు చట్టబద్ధమైన ప్రత్యామ్నాయ వేట ప్రాంతాలు చూపాలి. పట్టుబడిన వారికి న్యాయ సహాయం దొరకాలి. ఇవి లేకుండా నిఘా ఒక్కటే పెరిగితే, పాత నిషేధానికి కొత్త కాపలాదారు వచ్చినట్లే అవుతుంది.

తూర్పు తీర మత్స్యకారులకు వేట నిషేధం కొత్త కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు యాంత్రిక పడవలు ఒడ్డునే ఉంటాయి. ఇంజను లేని సంప్రదాయ తెప్పలకు మాత్రం మినహాయింపు ఉంది. అంటే అక్కడ సడలింపు దక్కేది అందరికంటే బలహీనుడికి. డియెగో గార్సియాలో ఇంతకాలం అది అందరికంటే బలవంతుడికి దక్కింది. దీవులు ఎవరి పేరున నమోదవుతాయన్నది ఒప్పందపత్రం తేలుస్తుంది. న్యాయం జరిగిందా లేదా అన్నది మాత్రం, అక్కడ పుట్టి వెళ్లగొట్టబడిన వృద్ధుడు తన మడుగు ఒడ్డున మళ్లీ వల విసరగలడా అన్నదే తేలుస్తుంది. ప్రస్తుత ఒప్పందంలో, డియెగో గార్సియాకు సంబంధించినంతవరకు, ఆ ప్రశ్నకు అవునన్న జవాబు లేదు.